బ్యారో నదిలో పులస

అరాద్, బహ్రెయిన్
12 ఏప్రిల్ 2024

చిరంజీవి లక్ష్మీదుర్గకు అప్పాజీ మావయ్య రాస్తున్నది.

నువ్వు పంపిన ఫోటో చూశాను. నువ్వు పనిచేసే వృద్ధుల ఆశ్రమంలో గోడకి వేలాడే పాత ఫోటో, అందులో నది గట్టున టోపీ పెట్టుకున్న మనిషి, అతని చేతిలో వెండిరంగు చేప. కింద నువ్వు రాసింది: "మావయ్యా, ఐర్లండులో పులస దొరికింది." ధవళేశ్వరంలో పుట్టి పెరిగినదానివి, నర్సింగు చదివినదానివి, ఇలా రాయడానికి చెయ్యెలా వచ్చిందమ్మా? పులస ఐర్లండులో ఉండదు. అది షాడ్ అనే చేప, పులసకి చుట్టం. చుట్టాలకి ముక్కూ మొహమూ కలుస్తాయి, అంతమాత్రాన ఒకే ఇంటివాళ్లు అయిపోరు. ఫోటో పెద్దది చేసి చూస్తే ఒంటి పక్కన వరసగా నల్లచుక్కలు ఉన్నాయి. పెద్ద పులసకి అవి అంత స్పష్టంగా ఉండవు. ఈ లాండ్రీ స్టోరుకి రాకముందు పదేళ్లు రాజమండ్రి ప్రెస్సులో ప్రూఫులు దిద్దినవాణ్ణి. తప్పు కనబడితే ఊరుకోలేను.

ఫోను చెయ్యకు. జుఫైర్ హోటళ్ల దుప్పట్లన్నీ ఉతికే యంత్రాల పక్కన ముప్పైరెండేళ్లు కూర్చుంటే చెవులు మిగలవు. ఎదట నిలబడ్డవాళ్ల పెదవులు చూసి అర్థం చేసుకోవడమే. కాగితం మీద రాసి ఫోటో తీసి పంపు. నాతో గదిలో ఉండే ప్రేమయ్య ఫోనుకి వస్తుంది. నా ఉత్తరాలూ అతనే ఫోటో తీసి పంపుతాడు.

ఇక అసలు సంగతి, నీలోనే ఉంచుకో. మేనేజరు కుర్రాడు పిలిచి "అప్పాజీ, ఖలాస్" అన్నాడు. అరవై దాటినవాళ్లకి వీసా పొడిగించరట. జూలై నెలాఖరుకి నేను ఈ దేశంలో ఉండకూడదు. రాజమండ్రిలో, సెలవుల్లో ఎప్పుడూ దిగే లాడ్జిలోనే నెలవారీ గది మాట్లాడుకుంటాను. మీ అమ్మకి చెప్పకు. చెబితే ఇంటికి రమ్మంటుంది, నేను రాను. ఎందుకు రానో ఇన్నేళ్లలో నువ్వు అడగలేదు, నేను చెప్పలేదు.

1992 ఆగస్టు. నీ అన్నప్రాసన మర్నాడు. ప్రెస్సు మూతపడి నేను నాలుగేళ్లుగా మా అక్క ఇంట్లోనే ఉంటున్నాను. పులస పులుసు వడ్డించారు. మీ నాన్న సోమరాజు, బ్యారేజీ గేట్లు ఎత్తి దించే లస్కరు ఉద్యోగం, పదిమంది ముందు ఆ చేప ఆస్ట్రేలియా నించి వస్తుందని చెప్పాడు. బంగాళాఖాతం నించేనని నేను పుస్తకాల్లో ఉన్నది చెప్పాను. దానికి ఆయన అన్నమాట: "చేప ఎక్కణ్ణించి వచ్చిందో తరవాత చూద్దాం బావా, నువ్వు ఎవరింట్లో కూర్చుని తింటున్నావో అది చూసుకో." విస్తరి ముందునించి లేచాను. మూడు నెలల్లో ఇక్కడికొచ్చి పడ్డాను. ఆ ఇంట్లో మళ్లీ మెతుకు ముట్టలేదు, ముట్టను.

ఆ ఫోటోలో మనిషి బతికే ఉంటే అడుగు: ఆ చేపలు సముద్రంలో ఎంత దూరం పోతాయి? నాకు కావాలి.

తప్పులు దిద్దుతూ, నీ మేలు కోరుతూ,
అప్పాజీ

* * *

గ్రెయిగ్‌నమానా, ఐర్లండు
27 ఏప్రిల్ 2024

మావయ్యకు దుర్గ నమస్కారాలు.

కాగితం మీద తెలుగు రాసి ఎన్నేళ్లయిందో. దీన్ని ఎర్రసిరాతో దిద్ది వెనక్కి పంపకు.

ఫోటోలో మనిషి పేరు టామ్ కవానా. ఎనభయ్యారేళ్లు, బతికే ఉన్నాడు. మా ఆశ్రమంలో పదకొండో గది. ఆయన నదిమీద లాకు మనిషి, మన కాలవ లాకుల్లాంటిదే, తలుపులు మూసి నీళ్లు నింపి పడవని పైకెక్కించేవాడు. నాన్న పనిచేసింది బ్యారేజీ మీద, ఈయన పనిచేసింది లాకు దగ్గర, కానీ ఇద్దరూ నీళ్లని చూసే చూపు ఒకటే. మాట్లాడుతున్నా సగం కన్ను అటే ఉంటుంది.

మధ్యాహ్నం డ్యూటీ అయ్యాక ఆయన్ని చక్రాల కుర్చీలో గట్టుమీదికి తీసుకెళ్తాను. ఒకప్పుడు గుర్రాలు పడవల్ని లాగిన బాట అది. నది పేరు బ్యారో. దీనికి ఇద్దరు అక్కచెల్లెళ్లు ఉన్నారు, నోర్, షూర్. మూడూ వేరువేరు ఊళ్లు తిరిగి సముద్రం దగ్గరికొచ్చేసరికి కలిసిపోతాయి. మన గోదారి సముద్రం దగ్గరికొచ్చి పాయలుగా విడిపోతుంది కదా, ఇక్కడ తిరగేశారు. నిన్న వంతెన కింద నీటికుక్క కనబడింది. పాములాంటి మలుగు చేపని పట్టుకుని వెల్లకిలా తేలుతూ, మొక్కజొన్న పొత్తు తిన్నట్టు తింటోంది. లకుముకి పిట్ట, నీటికాకులు, రాయిలా నిలబడే నారాయణ పక్షి, అన్నీ మనవే అనిపిస్తాయి, కొంచెం స్వెటర్లు తొడుక్కున్నట్టు. గట్టంతా ఒక మొక్క మొలుస్తోంది. హిమాలయాల నించి ఎవరో దొర తోట కోసం తెచ్చాడట, ఇప్పుడు నదంతా దానిదే. "మీ దేశంది, నువ్వే పీకు" అంటాడు టామ్. రోజూ నాలుగు పీకుతాను.

నీ చేపకి ఇక్కడి పేరు మే చేప. మే నెలలో సముద్రం నించి సెయింట్ మలిన్స్ అనే ఊరిదాకా ఎక్కుతుంది. పోటు నీళ్లు అక్కడితో ఆగిపోతాయి. ఆ పైన ఆనకట్ట. ఎంత దూరం పోతాయని అడిగితే, "వచ్చాక వాటినే అడుగుదాం" అన్నాడు.

మావయ్యా, నేను ముసలివాళ్ల మధ్యే బతుకుతున్నాను. ఒంటరిగా లాడ్జి గదిలో ఉన్నవాళ్లకి ఏమవుతుందో నాకు తెలుసు. మూడురోజుల తరవాత తలుపు కొడతారు. నువ్వు నాకు గోదావరి స్టేషన్లో సిమెంటు బెంచీ మీద తప్ప ఎక్కడా తెలీదు. అమ్మ నన్ను అక్కడికి తీసుకొచ్చేది, నువ్వు పుస్తకం ఇచ్చి రైలెక్కేవాడివి. చేప కోసం ముప్పైరెండేళ్లా?

కోపం రాదనుకుంటూ,
దుర్గ

* * *

అరాద్
9 మే 2024

దుర్గకు,

కోపం వచ్చింది. చేప కోసం కాదు, మాట కోసం. ఆ తేడా తెలియకపోతే నా ఉత్తరం మళ్లీ చదువు.

మొన్న ముహర్రక్ చేపల బజారుకి వెళ్లాను. బంగ్లాదేశీ దుకాణదారు ఐసు మీద వరసగా పులసల్నే పరిచాడు, వాళ్ల భాషలో ఇలిష్. పక్కన ఒక ఇరాకీ పెద్దమనిషి. ఆయనకి అది సబూర్, బస్రా దగ్గర నదిలోకి వస్తుందట. "భాయ్, అస్లీ రుచి పద్మానదిది" అంటాడు వాడు. బస్రాది తినకుండా రుచి గురించి మాట్లాడొద్దంటాడు ఈయన. నేను గోదావరి అన్నాను. ఇద్దరూ కలిసి నన్ను చూసి నవ్వారు, ఆ పేరే వినలేదట. ఒకే చేప, మూడు నదులు, ముగ్గురు మూర్ఖులు. కానీ ఒక్కటి గమనించు. ముగ్గురిలో ఒక్కడూ ఆస్ట్రేలియా అనలేదు.

గదికొచ్చి చెబితే ప్రేమయ్య, కరీంనగర్ మనిషి, చర్చికి పోబోతూ ఆగి, "ఏందన్నా, గా చేప ముచ్చటకు ఇన్నేండ్లు పంచాయితీ వెట్టుకున్నవా? మా ఊర్లె పొలం గట్టు పంచాయితీ గుడ పదేండ్లల్ల ఒడిశింది" అన్నాడు. అతనికేం తెలుసు.

నువ్వు చేయవలసింది ఇది. మే చేపలు రాగానే ఆ టామ్ చెప్పింది పూర్తిగా రాసుకో. దూరం పోవని తేలితే మీ నాన్నకి ఉత్తరం రాయి, ఇంట్లో అందరూ ఉండగా చదవమను. ఇంకోటి కూడా రాయి: సముద్రం నించి నది ఎక్కే చేప ఒక్కసారే ఎక్కుతుంది, గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. మీ నాన్న ఆ రోజు దాన్నీ కాదన్నాడు.

లాడ్జివాడు ఆగస్టు ఒకటి నించి గది ఇస్తానన్నాడు. రెండో అంతస్తు, వీధి వైపు కిటికీ. అక్కడినించి స్టేషను కనబడుతుంది. బెంచీకి దగ్గర.

సాక్ష్యం కోసం ఎదురుచూస్తూ,
అప్పాజీ

* * *

గ్రెయిగ్‌నమానా
19 మే 2024

మావయ్యకు,

ముందు గెలుపు కబురు. నువ్వు చెప్పిందే సరి.

పోయిన వారం శనివారం టామ్‌ని సెయింట్ మలిన్స్ తీసుకెళ్లాను. పొదలన్నీ తెల్లటి పూలతో విరగబూశాయి. ఆ పూలొస్తే చేపలు వచ్చినట్టేనట. పోటు నీళ్లు నెమ్మదిగా ఎక్కాయి, ఆకులు వెనక్కి, పైకి కొట్టుకొచ్చాయి. అప్పుడు మధ్యలో నీళ్లు ఉడికినట్టు కదిలాయి. టామ్ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. గట్టున గేలాలు వేసేవాళ్లు పదిమంది. పట్టిన ప్రతి చేపనీ మళ్లీ నీళ్లలో వదిలేయాలి, అవి తగ్గిపోతున్నాయని చట్టం. నోరా అని చేపల మీద పరిశోధన చేసే ఆవిడ ఒకదాన్ని తడిచేతులతో పట్టుకుని చూపించి వదిలింది. నిజంగా పులసే మావయ్యా. ఆ చుక్కలు లేకపోతే అమ్మ కూడా మోసపోతుంది. నాకు నోట్లో నీళ్లూ, కళ్లల్లో నీళ్లూ ఒకేసారి వచ్చాయి.

"ఎంత దూరం పోతాయి?" అని అడిగాను. దగ్గర సముద్రంలోనే ఉంటాయి, ఒడ్డుని వదిలి మరీ దూరం పోవు అని నోరా చెప్పింది. నువ్వే గెలిచావు. అట్లాంటిక్ దాటి వెళ్లేది మలుగట, మన నీటికుక్క తిన్నటువంటిది. ఇది నాన్నకి చెబితే, "మరి మలుగు పోగలిగినప్పుడు పులసకేం రోగం" అన్నాడు.

ఇప్పుడు ఓటమి. ఒక పొలుసు నా కోటుకి అంటుకుంది. నోరా తీసుకెళ్లి సూక్ష్మదర్శిని కింద చూసింది. చెట్టు కాండంలోలా పొలుసులో వలయాలుంటాయి. నది ఎక్కినప్పుడల్లా అంచు అరిగి ఒక మచ్చ పడుతుందట. దీనికి మూడు మచ్చలు. చావలేదు మావయ్యా. గుడ్లు పెట్టింది, సముద్రానికి పోయింది, మళ్లీ వచ్చింది, మూడుసార్లు.

ఇంకొకటి చెప్పాలి, తిట్టు. నాన్నకి విడిగా ఉత్తరం రాసే తీరిక లేక, నీ తొమ్మిదో తేదీ ఉత్తరం ఫోటోనే పంపేశాను. చేప సంగతి చాలనుకున్నాను. చివర లాడ్జి ముక్క ఉందని పంపాక గాని గుర్తుకు రాలేదు. అమ్మకీ నాన్నకీ తెలిసిపోయింది. వీసా సంగతి కూడా అడిగితే చెప్పేశాను. అమ్మ ఏడ్చింది. నాన్న లేచి బ్యారేజీ వైపు వెళ్లి చీకటిపడ్డాక వచ్చాడట.

పొలుసు నీకు పోస్టులో పంపుతున్నాను.
తప్పు చేసిన దుర్గ

* * *

అరాద్
23 మే 2024

దుర్గకు,

నీలోనే ఉంచుకొమ్మన్నాను. ఇంతకంటే సులువైన మాట తెలుగులో లేదు.

ఇప్పుడు ఆ ఇంట్లో నన్ను చూసి అయ్యో అంటారు. ఆ అయ్యో వినకుండా ఉండడానికే ముప్పైరెండేళ్లు ఇతరుల దుప్పట్లు లెక్కపెట్టాను. నువ్వు ఒక్క ఫోటోతో తీసుకెళ్లి వాళ్ల విస్తట్లో వడ్డించావు. మీ నాన్న కూతురివే.

లాడ్జి గది ఖాయం చేశాను. చేపలు వద్దు, పొలుసులు వద్దు. ఇక రాయకు.

అప్పాజీ

* * *

గ్రెయిగ్‌నమానా
10 జూన్ 2024

మావయ్యకు,

రాయొద్దన్నావు. నేను సోమరాజు కూతుర్ని, సత్యకుమారి కూతుర్ని కూడా. వినే రకం కాదు.

అమ్మతో గంటసేపు మాట్లాడాను. ఆవిడ అన్నది ఉన్నదున్నట్టు రాస్తున్నా: "మీ మావయ్య సగవే చెప్పాడే. ముందు అన్నదెవరో అడుగు. పంక్తిలో మీ నాన్న పై ఆఫీసరు, ఏఈ గారు కూర్చునున్నారు. ఆస్ట్రేలియా కాదన్నాడు, పోనీ. మీ నాన్నేమో చేప మళ్లీ సముద్రంలోకి పోతాదన్నారు. గేట్ల కింద బక్కచిక్కిన పులసలు వెనక్కి దిగడం ఏటా చూస్తున్నానన్నారు. అప్పుడు మీ మావయ్య నవ్వేసి, గేటు ఎత్తమంటే ఎత్తేవాడివి, దించమంటే దించేవాడివి, నీకు నీళ్ల సంగతే తెలీదు, చేప సంగతేం తెలుస్తాది బావా, అన్నాడు. ఏఈ గారు పకపకా నవ్వారు. అప్పుడు మీ నాన్న నోరు జారారు."

ఇది నాకు రాసిన ఉత్తరంలో లేదు మావయ్యా. ప్రూఫులో ఒక పేరా ఎగిరిపోయింది.

నాన్న వెనక్కి దిగే చేపల్ని కళ్లతో చూశాడు. పొలుసు మీద మచ్చలు అదే చెబుతున్నాయి. నువ్వు సగం సరి, ఆయన సగం సరి. ఇద్దరూ సగం సగం తప్పు.

నాన్న ఫోనులో చెప్పింది కూడా రాస్తున్నా. "అమ్మాయ్, నేనన్న మాట ఇన్నేళ్లూ నాకూ గుచ్చుకుంటానే ఉంది. ఆ యేడు నించీ ఇంట్లో పులస వండనివ్వలేదు నేను. మీ అమ్మ అడగడం మానేసింది. ఇప్పుడు అప్పాజీకి ఇలా రాయి. పులస ఆస్ట్రేలియా నించి రాదంటే సరే, ఒప్పేసుకున్నాను. బహ్రెయిన్ నించి వచ్చే పులసని మాత్రం లాడ్జిలో దిగనివ్వను. స్టేషనుకి నేనే వస్తాను. ఆ బెంచీ కాడే నిలబడతాను. నన్ను దాటుకుని పొమ్మను చూద్దాం."

అయ్యో అనలేదు మావయ్యా ఎవరూ. అమ్మ నీ గదికి దోమతెర కొనింది, అంతే.

టామ్ అడుగుతున్నాడు, మీ మావయ్య నది ఎక్కుతాడా లేదా అని. ఏం చెప్పను?

జవాబు వచ్చేదాకా రోజూ అడిగే,
దుర్గ

* * *

అరాద్
6 జూలై 2024

దుర్గకు,

పొలుసు అందింది. ప్రేమయ్య అద్దాల దుకాణంలో పనిచేసే తన చర్చి స్నేహితుడి దగ్గర భూతద్దం అడిగి తెచ్చాడు. మచ్చలు సరిగ్గా కనబడలేదు. కనబడినట్టే అనుకున్నాను. నాకిది కొత్త.

ఆ పేరా ఎగిరిపోలేదు. నేనే కొట్టేశాను. మొదటి ఏడాది తెలిసే కొట్టేశాను, తరవాత నిజంగానే అది లేదనుకున్నాను. ఏఈ నవ్వు మాత్రం గుర్తుంది. నాకు అనుకూలంగా నవ్వాడని అప్పుడు సంతోషించాను కూడా. పక్కన మీ నాన్న చెయ్యి ముద్దమీద ఆగిపోయింది. అదీ చూశాను.

ప్రతి ఆగస్టులో ఇక్కడ మంచం మీద పడుకుని, వాళ్లిప్పుడు పులస తింటూ ఉంటారనుకునేవాణ్ణి. ముప్పైఒక్క ఆగస్టులు. అక్కడ వండనే లేదన్నమాట. నేను పళ్లు కొరికింది ఖాళీ గిన్నె మీద.

ఇంతవరకూ రాసి రెండు రోజులు ఉత్తరం పంపకుండా దిండు కింద పెట్టుకున్నాను. ప్రేమయ్య, "అన్నా, ఇయ్యాల మొఖం తేటగున్నది, జొరం దిగినట్టు" అన్నాడు. మిగతాది రాసి ఫోటో తియ్యమని ఇస్తాను.

లాడ్జివాడికి వద్దని చెప్పాను. ముప్పైన విమానం. అరాద్ నించి విమానాశ్రయం ఎంత దగ్గరంటే, ఇన్నేళ్లూ ప్రతి విమానం మా డాబా మీదినించే లేచింది. నాకు వినబడకపోయినా కిటికీ అద్దాలు వణికేవి. ఈసారి పైనించి చూస్తాను.

మీ నాన్నకి చెప్పు, బెంచీ కాడ నిలబడక్కర్లేదు. కూర్చోమను. రైలు ఆలస్యంగా వస్తుంది.

టామ్‌కి నా నమస్కారం. ఎక్కుతున్నాడని చెప్పు.

అప్పాజీ మావయ్య

* * *

ధవళేశ్వరం
18 ఆగస్టు 2024

చిరంజీవి దుర్గకు,

దోమతెరకి రెండు చిరుగులు ఉన్నాయి. మిగతా అంతా బాగుంది.

గోదారికి ఎర్రనీళ్లు వచ్చాయి. మీ నాన్న ఉద్యోగం నించి దిగి పదేళ్లయినా ఉదయాన్నే బ్యారేజీ మీదికి నన్ను లాక్కెళ్లి, ఏ గేటు ఎన్ని అడుగులు లేచిందో చూపిస్తాడు. నాకు వినబడదు కాబట్టి వేళ్లతో చెబుతాడు. నిన్న పొలుసు ఇచ్చాను. బొటనవేలితో చాలాసేపు తడిమి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. తిరిగి ఇవ్వలేదు.

పులస దొరికింది. మీ అమ్మ మొన్న సాయంత్రం వండి, నిన్న మధ్యాహ్నం దాకా గిన్నె ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. మీ నాన్న ఎవర్ని భోజనానికి పిలిచాడనుకున్నావు? ఆనాటి ఏఈ గారినే. ఎనభై ఏళ్లు, కర్ర పట్టుకుని వచ్చాడు. నేను ముందే సిద్ధం చేసుకున్న మాట ఆయన ఎదట చెప్పాను: "ఆ రోజు చేప తిరిగి పోతుందని బావ అన్నదే సరి. నాదే తప్పు. నేను ఆ గేట్ల మాట అనకుండా ఉండాల్సింది." మీ నాన్న పులుసు గిన్నెలోకి చూస్తూ తల ఊపాడు.

ఏఈ గారు మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "ఏ రోజండీ?" అన్నాడు. ఆయనకి ఏదీ గుర్తులేదు. అన్నప్రాసన లేదు, నవ్వూ లేదు. ముప్పైరెండేళ్లు మేమిద్దరం మోసిన మనిషి, ముల్లు తీసుకుంటూ, "అన్నట్టు ఈ పులస ఆస్ట్రేలియా నించి కదండీ వస్తుంది?" అన్నాడు.

పెదవుల్ని చదవడం లాండ్రీలో నేర్చుకున్నాను. ఆ మాట స్పష్టంగా చదివాను. దిద్దలేదు. ఎంత కష్టపడి ఊరుకున్నానో నాకే తెలుసు.

మీ అమ్మ గరిటె ఆపింది. మీ నాన్న నా వైపు చూసి, నాకూ అర్థమయ్యేలా నెమ్మదిగా, పెద్దగా అన్నాడు: "కాదండీ. బంగాళాఖాతమే. మా బావమరిది చదివాడు."

నేను విస్తరి ముందుకు జరిపి, ఇంకో ముక్క వెయ్యమన్నాను.

ఇంటినించి,
మావయ్య